వారానికి మూడున్నర గంటల ప్రాజెక్టు

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల అందిన ఉత్తరాల్లో నాలుగింటిలో కనిపించిన బాధ ఒక్కటే. ఉద్యోగం చేసుకుంటూ, సొంత ఇష్టంతో రాసే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు సమయం ఎక్కడి నుంచి తేవాలన్నదే ఆ బాధ. ఈ రంగంతో పరిచయం లేని పాఠకుల కోసం ఒక మాట: ఎవరైనా చదువుకోవడానికి, వాడుకోవడానికి, మార్చుకుని మళ్ళీ పంచుకోవడానికి వీలుగా మూలరాతను బహిరంగంగా ఉంచి, ఆ హక్కులన్నీ లైసెన్సు ద్వారా రాసిచ్చే సాఫ్ట్‌వేర్‌ను ఓపెన్ సోర్స్ అంటారు. నాలుగు ఉత్తరాలూ విశాఖపట్నం నుంచే వచ్చాయి. నేనూ ఈ ఊళ్ళోనే ఉద్యోగం చేస్తూ, పక్కన ఇలాంటి పనే చాలా ఏళ్ళుగా చేస్తున్నాను కనుక వాటిని ఒకచోట చేర్చి జవాబులు రాస్తున్నాను. రాసినవారి పేర్లు తీసేశాను.

ప్రశ్న: మాది గాజువాక. రుషికొండలో ఒక ఐటీ కంపెనీలో పనిచేస్తున్నాను. మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా షిఫ్టు. రానూపోనూ బస్సులోనే మూడు గంటలు పోతాయి. మూడేళ్ళ క్రితం తెలుగు గళ్ళ నుడికట్టు తయారుచేసే ప్రోగ్రామ్ ఒకటి రాసి గిట్‌హబ్‌లో, అంటే కోడ్‌ను నలుగురితో పంచుకునే సైటులో పెట్టాను. మొదట్లో బాగానే సాగింది. ఇప్పుడు నలభై ఇష్యూలు, అంటే వాడుకరులు రాసిన ఫిర్యాదులు, కోరికలు, జవాబు లేకుండా పడి ఉన్నాయి. రాత్రి పదకొండుకు ఇల్లు చేరి, భోంచేసి, ఒంటిగంట దాకా కూర్చున్నా పని ముందుకు కదలడం లేదు. నా భార్య బ్యాంకు ఉద్యోగి. నాలుగేళ్ళ పాప ఉంది. ఇంటి భారమంతా ఆమె మీద పడుతోందని నాకు తెలుస్తూనే ఉంది. ప్రాజెక్టు మూసేయడమే మంచిదంటారా?

జవాబు: మూసేయవద్దు. అయితే రాత్రి పనిని మాత్రం ఈ జవాబు చదివిన రోజు నుంచే ఆపేయండి. ఈ విషయంలో నేను చేయి కాల్చుకున్నవాణ్ణి. పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన తెలుగును యూనికోడ్‌లోకి, అంటే ఇప్పుడు అన్ని కంప్యూటర్లూ చదవగలిగే అక్షర సంకేతాల్లోకి మార్చే చిన్న ప్రోగ్రామ్ ఒకటి నా చేతిలో ఉంది. కొన్ని పాత ఫాంట్లలో క్రారవడిని హల్లు కంటే ముందే టైపు చేస్తారు, యూనికోడ్‌లో అది హల్లు తర్వాత రావాలి. ఆ వరుసను మార్చే సూత్రాన్ని ఒకనాడు రాత్రి ఒంటిగంట దాటాక సవరించి, పరీక్షించే ఓపిక లేక, అలాగే కొత్త వెర్షన్ విడుదల చేసి పడుకున్నాను. శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు తన తండ్రిగారి పద్యాలను అచ్చుకు సిద్ధం చేసుకుంటూ, ఆ వెర్షన్‌తోనే మొత్తం పుస్తకాన్ని మార్చుకున్నారు. క్రారవడులన్నీ ఒక అక్షరం ముందుకు జరిగిపోయాయి. ‘పత్రిక’ అన్నచోటల్లా ‘ప్రతిక’, ‘చక్రం’ అన్నచోటల్లా ‘చ్రకం’. ఆయన నన్ను ఒక్క పరుషమైన మాట కూడా అనకుండా, తప్పుల పట్టిక చేత్తో రాసి, ఫొటో తీసి పంపారు. ఆ తప్పును పట్టుకోవడానికి మర్నాడు పొద్దున నాకు ఇరవై నిమిషాలు పట్టింది. రాత్రి రెండు గంటలు కూర్చుని చెడగొట్టినదాన్ని తెల్లవారాక ఇరవై నిమిషాల్లో సరిచేయగలిగినప్పుడు, ఆ రెండు గంటలను నా ఖాతాలో పనివేళలుగా జమ వేసుకోవడం ఎంత తప్పో నాకు తెలిసివచ్చింది.

ఇక మీ సమయం లెక్క చూద్దాం. మీరు రాసిన వివరాలను బట్టి, పాప బడికి, మీ శ్రీమతి బ్యాంకుకు వెళ్ళాక, మీరు పదకొండు గంటలకు ఇంటి నుంచి బయలుదేరేలోపు, వంట, బట్టలు, బజారు పనులు పోను కొంత వ్యవధి మిగులుతుంది. అందులో వారానికి మూడు రోజులు 45 నిమిషాల చొప్పున, ఆదివారం ఉదయం 75 నిమిషాలు ప్రాజెక్టుకు కేటాయించగలరనుకుందాం. మొత్తం మూడున్నర గంటలు. పండగలు, పెళ్ళిళ్ళు, పిల్ల జ్వరాలు, ఆఫీసులో ఊపిరాడని వారాలు తీసేస్తే ఏడాదికి 40 వారాలు చేతికి వస్తాయి. అంటే 140 గంటలు. రోజుకు ఎనిమిది గంటల ఆఫీసు లెక్కలో చూస్తే అది పదిహేడున్నర పనిదినాలు. మీ ప్రాజెక్టుకు ఏడాది మొత్తం మీద మీరు ఇవ్వగలిగింది ఒక నెల జీతానికి చేసే పని కంటే తక్కువ. ఈ అంకెను కాగితం మీద రాసి మీ బల్ల ముందు అతికించుకోండి. నిరుత్సాహపరచాలని చెప్పడం లేదు. మీ నలభై ఇష్యూలను ఈ పదిహేడున్నర రోజుల పక్కన పెట్టి చూసినప్పుడే ఏది చేయాలో, ఏది వదలాలో తేలుతుంది. రెండు గంటల నిద్ర మానుకుంటే ఈ అంకె పెరుగుతుందన్న భ్రమ ఉన్నంత కాలం ఏదీ వదలబుద్ధి కాదు.

మీ ప్రాజెక్టును తెరిచి చూశాను. అందులో ప్రాణం ఎక్కడుందో మీకు నాకంటే బాగా తెలుసు, అయినా చెబుతాను. ‘విశాఖపట్నం’ అన్న పేరును కంప్యూటరు పది సంకేతాలుగా చూస్తుంది. నుడికట్టులో మాత్రం దానికి అయిదు గళ్ళే కావాలి: వి, శా, ఖ, ప, ట్నం. ‘స్త్రీ’ అన్న ఒక్క గడి వెనక ఆరు సంకేతాలున్నాయి: స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం. ఇంగ్లీషు నుడికట్ల కోసం రాసిన ప్రోగ్రామ్‌లేవీ తెలుగుకు నేరుగా పనికిరానిది ఇందుకే. మీరు రాసిన ఆ మూడు వందల చిల్లర వరుసలు మాత్రం సంకేతాలను ఇలా గళ్ళుగా కూర్చే పని చేస్తున్నాయి. పత్రికలకు నుడికట్టు కూర్చేవారికి, పిల్లలకు మాటల ఆటలు తయారుచేసే టీచర్లకు కావలసింది అదే. దాన్ని ఇతర ప్రోగ్రామ్‌లు కూడా వాడుకోగలిగే ఒక చిన్న లైబ్రరీగా విడదీసి, దాని బాగోగులే మీ మొదటి బాధ్యతగా పెట్టుకోండి. రంగులు మార్చడం, లాగిన్, మొబైల్ యాప్, స్కోరు పట్టిక వంటివి కోరుతూ వచ్చిన ఇష్యూలు నా లెక్కలో ఇరవై మూడున్నాయి. ఒక్కొక్క దానికి రెండు వాక్యాల మర్యాదైన జవాబు రాసి మూసేయండి. ‘ఇది నేను చేయలేను, ఎవరైనా చేసి పంపితే చూస్తాను’ అని చెప్పడం కోరినవారిని అవమానించడం కాదు. ఏడాదిన్నరగా జవాబు లేకుండా ఎదురుచూడటంతో పోలిస్తే వారికి అదే నయం.

‘సైకిల్’ అన్న మాటకు రెండు గళ్ళా, మూడు గళ్ళా అన్న ఇష్యూ కింద అరవై వ్యాఖ్యలు పేరుకున్నాయి. చివరి పొల్లుకు విడిగా గడి ఇచ్చేవారున్నారు, ముందు అక్షరంతో కలిపేవారున్నారు. అది మీరు తీర్చవలసిన తగవు కాదు. ఏదో ఒకటి ఎంచుకుని, కారణం నాలుగు మాటల్లో రాసి, రెండోది కావాలన్నవారి కోసం ఒక సెట్టింగు ఇచ్చి, చర్చ ముగించండి. నిర్ణయం వాయిదా వేసిన ప్రతి ఇష్యూ మీ 45 నిమిషాల్లో పదిహేను నిమిషాలు తినేస్తుంది, ఎందుకంటే తెరిచిన ప్రతిసారీ మొదటి నుంచి చదవాలి.

ముక్కలు ముక్కలుగా దొరికే సమయంలో అసలు నష్టం అక్కడే ఉంది. కూర్చున్నాక ‘ఎక్కడ ఆపాను’ అని గుర్తు తెచ్చుకోవడానికే సగం వేళ పోతుంది. మా నాన్నగారు ఉక్కు కర్మాగారంలో పనిచేసేవారు. ఏ, బీ, సీ షిఫ్టుల చుట్టూ మా ఇంటి వేళలు తిరిగేవి. ఎంత అలసిపోయినా షిఫ్టు దిగేముందు లాగ్‌బుక్కు రాయకుండా ఆయన బయటికి వచ్చేవారు కాదు. ఏ యంత్రం ఏ స్థితిలో ఉంది, ఏ పని సగంలో ఆగింది, తర్వాత వచ్చేవాడు మొదట ఏది చూసుకోవాలి అన్నవి మూడు నాలుగు వరుసల్లో రాసేవారు. నేను ఆయన దగ్గర నేర్చుకున్నది అదే. నా ప్రాజెక్టు ఫోల్డరులో ఒక ఫైలు ఉంటుంది. లేవడానికి అయిదు నిమిషాల ముందు పని ఆపి అందులో రాస్తాను. మీకైతే అది ఇలా ఉండవచ్చు: ‘ట్నం విడగొట్టడం పూర్తయింది. చివరి పొల్లు పరీక్ష ఇంకా తప్పుతోంది, సైకిల్ అన్న మాట చూడు. తర్వాత అడ్డం 7.’ నిన్నటి మీరు బీ షిఫ్టు, రేపటి మీరు సీ షిఫ్టు. ఇంకొక అలవాటు కూడా మంచిది. ఆపేటప్పుడు కావాలనే ఒక పరీక్షను (ప్రోగ్రామ్ సరిగా పనిచేస్తోందో లేదో చూసే చిన్న కోడ్‌ను) తప్పే స్థితిలో వదిలిపెట్టండి. మర్నాడు కూర్చోగానే పరీక్షలన్నీ నడిపితే, ఎర్రగా కనిపించేదే మీ ఆనాటి మొదటి పని. గిట్‌హబ్‌లో బహిరంగ ప్రాజెక్టులకు ఈ పరీక్షలు తమంతట తాము నడిచే ఏర్పాటు ఉచితంగా దొరుకుతుంది. ఎవరైనా పుల్ రిక్వెస్ట్ (తాము చేసిన మార్పును చేర్చుకోమని కోరే అభ్యర్థన) పంపితే అది దేన్నైనా చెడగొట్టిందో లేదో మీరు కూర్చునేలోపే తెలిసిపోతుంది.

బస్సు ప్రయాణాన్ని పనివేళగా లెక్కించకండి. సీటు దొరికిన రోజు ఎవరైనా పంపిన మార్పును ఫోనులో చదివి ఆలోచించవచ్చు. జవాబు మాత్రం బస్సులోంచి రాయవద్దు. నిలబడి, ఒంటిచేత్తో టైపు చేసిన ఒక ముక్క జవాబు వల్ల మంచి సహాయకుడొకరిని నేను పోగొట్టుకున్నాను. ఆయన పంపిన నలభై వరుసల మార్పుకు ‘వద్దు, ఇది పనికిరాదు’ అని రాశాను. ఎందుకు పనికిరాదో ఇంటికి వెళ్ళి వివరంగా రాద్దామనుకున్నాను. రాసేసరికి వారం గడిచింది, ఆయన మళ్ళీ రాలేదు.

కొందరు మీకు పెద్దవారి పేర్లు చెప్పి ఉత్సాహపరుస్తారు. గైడో వాన్ రోసమ్ 1989 డిసెంబరులో క్రిస్మస్ సెలవుల్లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషను మొదలుపెట్టారు, లైనస్ టోర్వాల్డ్స్ 1991 ఆగస్టు 25న తర్వాత లినక్స్‌గా పేరుపొందిన తన ఆపరేటింగ్ సిస్టమ్ గురించి ప్రకటిస్తూ ఇది సరదా పని మాత్రమేనని రాశారు, మీరూ చేయగలరు అంటారు. నిజమే, మొదలుపెట్టడానికి సెలవులు చాలు. అయితే వాన్ రోసమ్ పనిచేసిన పరిశోధన సంస్థలోనే పైథాన్ పెరిగింది. టోర్వాల్డ్స్ అప్పుడు హెల్సింకీలో విద్యార్థి, ఇవాళ లినక్స్ కెర్నల్‌లో జరిగే పనిలో అధికభాగం కంపెనీలు జీతమిచ్చి చేయించేదే. పోషణకు వారంలో స్థిరమైన చోటు కావాలి. చిన్నపిల్ల ఉన్న ఇంట్లో ఆ చోటు మీ ఒక్కరి నిర్ణయంతో ఏర్పడదు. మీ శ్రీమతితో కూర్చుని, ఆదివారం ఉదయం 75 నిమిషాలు మీవైతే సాయంత్రం అంతే వేళ పూర్తిగా ఆమెదని, ఆ వేళ పాప బాధ్యత మీదని మాట ఇచ్చి నిలబెట్టుకోండి. ఆమె ఆ వేళలో నిద్రపోతారా, బీచ్‌కి వెళతారా, పుస్తకం చదువుతారా అన్నది ఆమె ఇష్టం. ఈ ఒప్పందం లేకుండా మిగిలిన సలహాలేవీ నాలుగు వారాలకు మించి సాగవు.

ప్రశ్న: మధురవాడలో ఉంటాను. ఉద్యోగంలో చేరేటప్పుడు సంతకం చేసిన ఒప్పందంలో, ఉద్యోగకాలంలో నేను సృష్టించేదంతా కంపెనీదేనని ఉంది. సెలవు రోజుల్లో సొంత లాప్‌టాప్ మీద రాసిన ఒక చిన్న లైబ్రరీని ఓపెన్ సోర్స్ చేయాలనుకుంటున్నాను. అది నాదే అవుతుందా? అడిగితే లేనిపోని అనుమానాలు వస్తాయేమోనని మేనేజరును అడగలేదు.

జవాబు: సమయం ఉందా లేదా అన్నదానికంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఇది, చాలామంది తేల్చుకోరు. మన 1957 కాపీరైట్ చట్టంలో కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను సాహిత్య రచనల కోవలో చేర్చారు. ఆ చట్టం 17వ సెక్షన్‌లోని ‘సి’ క్లాజు ప్రకారం, ఉద్యోగ విధుల్లో భాగంగా తయారైన రచనకు, వేరే ఒప్పందం లేనప్పుడు, యజమానే మొదటి హక్కుదారు. విధులతో సంబంధం లేకుండా మీ వేళలో, మీ పరికరం మీద రాసినది ఈ క్లాజు కిందికి రాకపోవచ్చు. కానీ మీ సంతకం ఉన్న ఒప్పందం చట్టం కంటే విశాలంగా రాసి ఉంది, హక్కుల బదిలీకి సంతకంతో కూడిన రాతపత్రం కావాలని 19వ సెక్షన్ చెప్పే షరతు కూడా దానితో తీరిందని కంపెనీ వాదించవచ్చు. ఆ వాదన నిలుస్తుందో లేదో ఒప్పందంలోని అసలు వాక్యాలను బట్టి ఉంటుంది. వాటిని ఒక న్యాయవాదికి చూపించడానికి అయ్యే ఖర్చు వృథా కాదు. ఉద్యోగి సొంత వేళలో, యజమాని వనరులు వాడకుండా చేసినది చాలావరకు ఉద్యోగిదేనని కాలిఫోర్నియా లేబర్ కోడ్‌లో 2870వ సెక్షన్ చెబుతుంది. ఇంటర్నెట్‌లో కనిపించే ధైర్యవచనాలు ఎక్కువగా దాని ఆధారంగా రాసినవే. విశాఖలో చేరి, విశాఖలో సంతకం చేసినవారికి అది అక్కరకు రాదు.

ఈ సమస్య ఈనాటిది కాదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమాన్ని మొదలుపెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను రాయడానికి 1984 జనవరిలో అమెరికాలోని ఎమ్ఐటీ విశ్వవిద్యాలయంలో ఉద్యోగాన్నే వదులుకున్నారు. ఉద్యోగిగా ఉంటే ఆ సాఫ్ట్‌వేర్ తమదేనని సంస్థ అనవచ్చునన్నది ఆయన చెప్పిన కారణం. మీరు అంత దూరం వెళ్ళనవసరం లేదు. మేనేజరుతో కాఫీ దగ్గర మాట్లాడి సరిపెట్టుకోకుండా, హెచ్ఆర్ విభాగానికి రాతపూర్వకంగా ఒక పేజీ పంపండి. లైబ్రరీ ఏం చేస్తుంది, కంపెనీ వ్యాపారానికి దానితో ఎందుకు సంబంధం లేదు, దాన్ని ఏ వేళల్లో, ఏ పరికరం మీద రాశారు, ఏ లైసెన్సు కింద విడుదల చేయదలచారు అన్నవి ఉంటే చాలు. ‘అభ్యంతరం లేదు’ అని జవాబు వస్తే దాచుకోండి. జవాబు రాకపోతే దాన్ని అంగీకారంగా తీసుకోకండి, మళ్ళీ రాయండి. అనుమానాలు వస్తాయన్న మీ భయం నాకు అర్థమవుతుంది. కానీ హక్కు ఎవరిదో తేలకుండా మీరు ఇచ్చిన లైసెన్సును నమ్మి ఎవరో ఒక చిన్న సంస్థ తన పనంతా దాని మీద కట్టుకుంటే, రేపు వివాదం వచ్చిన రోజు నష్టపోయేది మీరొక్కరే కాదు.

ఒక చిన్న విషయం చాలామంది చూసుకోరు. మీ లాప్‌టాప్‌లో గిట్ (కోడ్‌లో మార్పులను నమోదు చేసే సాఫ్ట్‌వేర్) సెట్టింగుల్లో ఏ ఈమెయిల్ ఉందో ఇప్పుడే చూడండి. ఇంటి నుంచి పనిచేసిన రోజుల్లో ఎప్పుడో ఆఫీసు చిరునామా పెట్టి మరిచిపోయి ఉంటే, మీ సొంత ప్రాజెక్టులోని ప్రతి కమిట్ (నమోదైన మార్పు) మీద అదే పడుతూ ఉంటుంది. ఆదివారం రాసినదే అయినా చూసేవారికి ఆఫీసు పనిలా కనిపిస్తుంది. అలాగే, వాడుకరులు విరాళాలు పంపుతామంటే ఒప్పుకునేముందు కూడా కంపెనీని అడగండి. డబ్బు చేతికి వచ్చిన రోజు నుంచి రెండో ఉద్యోగం నిబంధనలు వర్తిస్తాయా అన్న ప్రశ్న రావచ్చు.

ప్రశ్న: మద్దిలపాలెం హాస్టల్‌లో ఉంటూ ఉద్యోగంలో చేరి మూడు నెలలైంది. ఆదివారం ఒక్కటే ఖాళీ. సొంతంగా మొదలుపెట్టాలా, ఎవరి ప్రాజెక్టులోనైనా చేరాలా?

జవాబు: చేరండి. సొంత ప్రాజెక్టుకు రోజూ కాపలా ఉండాలి, ఇతరుల ప్రాజెక్టులో మీ ముక్క మీరు ఇచ్చి లేచి వెళ్ళవచ్చు. మీరు నిజంగా వాడే సాఫ్ట్‌వేర్‌నే ఎంచుకోండి. కోడ్ రాయడమే సేవ అనుకోనక్కర లేదు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌ను తెలుగు చేసే పని పంటూన్ అనే సైటులో, లిబ్రెఆఫీస్ అనే ఆఫీసు సాఫ్ట్‌వేర్‌ది వెబ్లేట్ అనే సైటులో జరుగుతుంది. ఒక్కొక్క వాక్యాన్ని తెలుగు చేయడానికి కొన్ని నిమిషాలు చాలు, కనుక అరగంట దొరికినా ఏదో ఒకటి పూర్తవుతుంది. తెలుగు సరిగా కనిపిస్తోందా అని పరీక్షించి తప్పులు నమోదు చేయడం ఇంకా విలువైన పని. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ రాతలోని ఒక సంకేతాల వరుస తెర మీదికి రాగానే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలడం, అదే నెలలో ఆపిల్ 11.2.6 వెర్షన్‌తో దాన్ని సరిచేయడం మీకు గుర్తుండే ఉంటుంది. అది మూసి ఉన్న సాఫ్ట్‌వేర్ కనుక మనం కంపెనీ సరిచేసేదాకా ఎదురుచూశాం. తెరిచి ఉన్నదాంట్లో తప్పు ఎక్కడుందో చూపే అవకాశం మీ చేతిలోనే ఉంటుంది.

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు మార్పులు పంపమని ప్రోత్సహిస్తూ అక్టోబరులో జరిగే హ్యాక్టోబర్‌ఫెస్ట్ వంటివాటిలో లెక్క పెంచుకోవడానికి మాత్రం పుల్ రిక్వెస్టులు పంపకండి. 2020లో అలాంటి పనికిమాలిన మార్పులు వెల్లువెత్తి నిర్వాహకులు విసిగిపోవడంతో, ఇష్టపడి పేరు నమోదు చేసుకున్న ప్రాజెక్టులకే అది పరిమితమైంది. ఒక్క కామా మార్చి పంపినదాన్ని చదవడానికి కూడా అవతల ఒకరు తమ ఆదివారంలోంచి సమయం తీయాలి.

ప్రశ్న: నేను విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలిని. సీతమ్మధారలో ఉంటాం. మా అబ్బాయి ఆఫీసు నుంచి రాగానే ఏదో విదేశీ ప్రాజెక్టు ముందు కూర్చుంటాడు. దానికి తాను మెయింటెయినర్‌నని, అంటే దాని బాగోగులు చూసే నిర్వాహకుణ్ణని చెబుతాడు. రూపాయి రాదు. ఎవరెవరో తొందరపెడుతూ రాస్తారు. రాత్రి రెండింటికి గానీ పడుకోడు. మానమని చెప్పనా?

జవాబు: అమ్మా, ముందు ఆ పని ఎటువంటిదో చెబుతాను. బ్యాంకు సైటు తెరిచినప్పుడు కొన్ని బ్రౌజర్లలో చిరునామా పక్కన తాళం గుర్తు ఉంటుంది కదా. ఆ భద్రతకు ప్రపంచంలో అసంఖ్యాకమైన సర్వర్లు ఓపెన్‌ఎస్ఎస్ఎల్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను వాడుతున్నాయి. 2014 ఏప్రిల్‌లో అందులో హార్ట్‌బ్లీడ్ అనే ప్రమాదకరమైన లోపం బయటపడింది. అంతవరకూ ఆ ప్రాజెక్టుకు ఏడాదికి అందుతూ వచ్చిన విరాళాలు సుమారు 2,000 డాలర్లు, పూర్తికాలం పనిచేసేవారు ఒక్కరు. దాని మీద ఆధారపడిన పెద్ద కంపెనీలు ఆ తర్వాతే చేయి కలిపి నిధి ఏర్పాటు చేశాయి. మీ అబ్బాయి చేస్తున్నది ఈ కోవలోని పని. జీతం రానంత మాత్రాన వృథా పని కాదు, ఇష్టంతో, బాధ్యతతో చేస్తున్నాడంటే మీరు సంతోషించాలి.

కానీ మీ బెంగ కూడా న్యాయమైనదే. 2024 మార్చి చివర్లో ఎక్స్‌జెడ్ అనే, ఫైళ్ళను కుదించే చిన్న ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరో దొంగదారి పెట్టిన సంగతి బయటపడింది. లాగిన్ కావడానికి అర సెకను ఆలస్యమవుతోందని గమనించి, ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు దాన్ని పట్టుకున్నారు. ఆ దొంగదారి ఎలా ఏర్పడిందన్నది మీలాంటి తల్లి తెలుసుకోవలసిన విషయం. ఎక్స్‌జెడ్‌ను చాలా ఏళ్ళుగా ఒంటిచేత్తో చూసుకుంటున్న నిర్వాహకుడు, ఇది జీతం లేని సరదా పని అని, తన మానసిక ఆరోగ్యం కొంతకాలంగా బాగాలేదని 2022లో బహిరంగంగానే రాశారు. పని నెమ్మదిగా సాగుతోందని కొత్త కొత్త పేర్లతో కొందరు ఆయన మీద ఒత్తిడి తెస్తూ వచ్చారు. సహాయం చేస్తానంటూ ముందుకు వచ్చి, రెండేళ్ళకు పైగా నమ్మకం సంపాదించుకున్న మనిషే చివరికి ఆ పని చేశాడు. అలసిపోయి ఉన్నవాడిని తొందరపెట్టడం ఎంత ప్రమాదమో ఈ రంగంలో అందరూ అప్పుడు చూశారు. మీ అబ్బాయి చేత పని మాన్పించవద్దు, తొందరకు లొంగడం మాన్పించండి.

ఆయన రాత్రిళ్ళు మేలుకోవడానికి ఒక మామూలు కారణం ఉండి ఉంటుంది. విశాఖలో రాత్రి ఎనిమిదైనప్పుడు న్యూయార్కులో వేసవికాలమైతే ఉదయం పదిన్నర. అక్కడివారు పనిలో దిగి రాయడం మొదలుపెట్టేసరికి ఇక్కడ భోజనాల వేళ, ఆ ఉత్తరాలు రాత్రి పొద్దుపోయేకొద్దీ పెరుగుతాయి. ఒక్కొక్క దానికీ అప్పటికప్పుడు జవాబు ఇస్తూ కూర్చుంటే రెండు కాక ఎంతవుతుంది? అదే జవాబును మర్నాడు ఉదయం ఏడింటికి రాస్తే, అక్కడ రాత్రి. వారు నిద్ర లేచి చూసుకునేసరికి సిద్ధంగా ఉంటుంది. ఎవరికీ ఒక్క పనిదినం కూడా నష్టం లేదు. ఈ లెక్క ఆయనకు తెలియనిది కాదు, ఎవరైనా కూర్చోబెట్టి చెప్పేదాకా మనకు తట్టదు.

ప్రాజెక్టు పరిచయ పత్రాన్ని రీడ్‌మీ అంటారు, వాడుకరులు మొదట చదివేది అదే. దాని పైభాగంలో ఆయన చేత నాలుగు వాక్యాలు రాయించండి. ఇంగ్లీషులోకి ఆయన మార్చుకుంటారు, తెలుగులో నమూనా ఇస్తున్నాను, భాష మీరు దిద్దండి: ‘ఈ ప్రాజెక్టును నేను ఉద్యోగం తర్వాత మిగిలిన వేళల్లో చూసుకుంటున్నాను. భారత కాలమానం ప్రకారం మంగళ, శుక్రవారాల్లో ఉదయం మాత్రమే ఉత్తరాలు చదువుతాను. భద్రతా లోపాలు తప్ప మిగిలినవాటికి జవాబు రెండు వారాలు ఆలస్యం కావచ్చు. సంక్రాంతికి, దసరాకు వారం రోజుల చొప్పున ఎవరికీ అందుబాటులో ఉండను.’